అమ్మ ఉద్యమంలో ఉంది, నేను పొయ్యి దగ్గర ఉన్నాను

1992లో మా ఊరికి పత్రికవాళ్ళు వచ్చి ఫొటో తీశారు. చీపుర్లు పట్టుకుని ఊరి మొదట్లో రోడ్డుకు అడ్డంగా నిలబడ్డ పాతికమంది ఆడవాళ్ళలో ఎడమవైపు నుంచి నాలుగో మనిషి మా అమ్మ. కొంగు నడుముకు బిగించి, ఎవరినో తిట్టబోతున్నట్టు నోరు సగం తెరిచి ఉంటుంది. ఆ ఫొటోలో నేను లేను. ఆ సమయానికి నేను ఇంట్లో సంగటి కెలుకుతున్నాను.

నెల్లూరు జిల్లా సారా వ్యతిరేక ఉద్యమం గురించి చాలామంది రాశారు. తప్పేమీ రాయలేదు. కాని ఆ ఆడవాళ్ళు పొద్దున వెళ్ళి చీకటిపడ్డాక వచ్చేదాకా వాళ్ళ ఇళ్ళలో కుండ ఎవరు దించారో, పసిపిల్లల ముక్కులు ఎవరు తుడిచారో నాకు ఎక్కడా కనబడలేదు. తుడిచినవాళ్ళలో నేనొకదాన్ని. అప్పటికి నాకు పన్నెండేళ్ళు.

చెప్పబోయేది పెద్ద కథేమీ కాదు. ఏడో తరగతితో ఆగిపోవలసిన పిల్ల పదో తరగతి దాకా ఎలా వెళ్ళింది అన్నదే. నాలుగు కిలోమీటర్ల దూరంలో ఉన్న హైస్కూలుకు చేరడానికి నాకు దాదాపు రెండేళ్ళు పట్టింది.

మాది ఉదయగిరి వైపు మెట్ట. వాన పడితే పంట, లేకపోతే వలస. కంది, సజ్జ, కాస్త నీటి వసతి ఉన్నవాళ్ళకు పొగాకు. మాకు నాలుగెకరాలు, అందులో రెండు వట్టి రాళ్ళు. అవ్వ, నాయన, అమ్మ, చిన్నాన్న, పిన్ని, వాళ్ళ ఇద్దరు పిల్లలు, నేను, తమ్ముడు. తొమ్మిదిమందికి ఒకటే పొయ్యి. పొగాకు కాలంలో అమ్మా పిన్నీ బ్యారన్ల (పొగాకు కాల్చే కొట్ల) దగ్గరికి ఆకు అల్లే కూలికి వెళ్ళేవారు. కర్రలకు ఆకు కట్టీ కట్టీ చేతులకు నల్లటి జిగురు పట్టేది. ఎంత తోమినా వదిలేది కాదు. అమ్మ కలిపి పెట్టిన ముద్ద ఆ రెండు మూడు నెలలూ చేదుగా ఉండేది.

మా ఊళ్ళో మంచినీళ్ళ కుళాయి లేదు. సారా మాత్రం జీపులో వచ్చేది. ఎనభైలలో ప్రభుత్వమే ‘వారుణి వాహిని’ అనే పేరుతో సారాను ప్యాకెట్లలోకి మార్చింది. పేరు వింటే ఏదో తాగునీటి పథకం అనుకుంటారు. ప్యాకెట్ కాబట్టి జేబులో పెట్టుకుని పొలానికి పోవచ్చు, కూలి డబ్బులకు బదులు చేతిలో పెట్టవచ్చు, అప్పు రాసుకోవచ్చు. నాయన సాయంత్రం రెండు ప్యాకెట్లతో మొదలుపెట్టి, నాకు ఊహ తెలిసేసరికి పొద్దున కూడా ఒకటి చింపే స్థితికి వచ్చాడు. ఆయన చెడ్డవాడు కాదు. తాగకపోతే ఒక్క మాట మాట్లాడడు, తాగితే ఎవరూ వినలేనంత మాట్లాడతాడు. కొట్టింది తక్కువే. కాని ఇంట్లో గింజలు అమ్మేవాడు. అమ్మ కూలికి పోయి తెచ్చిన సజ్జలు గాదెలోంచి మాయమయ్యేవి. చిన్నాన్న ఆ సారా అంగట్లోనే పని చేసేవాడు, కాంట్రాక్టరు మనిషిగా. అంటే మా ఇంట్లో ఒకరు అమ్మేవారు, ఒకరు తాగేవారు, ఆ బాకీ తీర్చడానికి ఇద్దరు ఆకు అల్లేవారు. అంతా ఒకే కప్పు కింద జరిగేది.

1991లో పెద్దలకు చదువు చెప్పే అక్షర దీపం తరగతులు మొదలయ్యాయి. రాత్రి ఎనిమిదికి రామాలయం అరుగు మీద లాంతరు, పలకలు, ఇంటర్ తప్పి ఖాళీగా ఉన్న ఒక కుర్రాడు వాలంటీరు. అమ్మ మొదటి వారం నవ్వులాటకు వెళ్ళింది. రెండో వారం నుంచి నవ్వడం మానేసింది. అమ్మ పేరులో మూడే అక్షరాలు, చివరిది ‘మ్మ’. మొదటి రెండూ నాలుగు రోజుల్లో వచ్చాయి. ఆ మావత్తు మాత్రం నెల రోజులు ఏడిపించింది. ఆకు జిగురుతో బిగుసుకున్న వేళ్ళు బలపాన్ని మేకులా పట్టుకునేవి. వత్తు ఒకసారి పలక అంచు దాటిపోయేది, ఒకసారి పక్క అక్షరం కింద పడేది. నేను పక్కన కూర్చుని చేయి పట్టి దిద్దించేదాన్ని. నాకు చేయి పట్టి దిద్దించినవాళ్ళు లేరని అప్పుడు గుర్తొచ్చి కొంచెం కోపం కూడా వచ్చింది. నిజం చెప్పుకోవాలి కదా.

చదువుకునే పుస్తకంలో సీతమ్మ కథ అని ఒక పాఠం ఉండేది. తాగుడువల్ల చితికిపోయిన ఇల్లు. ఆ పాఠం చదివిన రాత్రి ఎవరూ ఇళ్ళకు లేవలేదు. ఒక్కొక్కరూ తమ ఇంటి సంగతి చెప్పడం మొదలుపెట్టారు. కొన్నాళ్ళకు దూబగుంట సంగతి వచ్చింది. మాకు దగ్గర ఊరే. అక్కడ తాగి చెరువులో పడి ఇద్దరు చనిపోయారు. ఆడవాళ్ళు ముందు కల్లుబండిని వెనక్కి తిప్పారు, తర్వాత సారా జీపును అడ్డుకున్నారు. అక్కడ ముందు నడిచిన వర్ధినేని రోశమ్మ పేరు మా ఊళ్ళో అప్పటికే నోట నోట తిరుగుతోంది. అదే తర్వాత ‘ఆడవాళ్ళు ఏకమైతే’ అనే పాఠంగా అచ్చయి మా అరుగు మీదికి వచ్చింది. అమ్మవాళ్ళకు ఇంకా గుణింతం కూడబలుక్కునే దశ. ఒక వాక్యం పూర్తయ్యేసరికి మొదలు మరిచిపోతున్నారు. అందుకని నన్ను చదవమన్నారు. చదివాను. మళ్ళీ చదవమన్నారు. మూడోసారి చదువుతుంటే మా వీధి చివరి ముసలామె లేచి, “అచ్చువేసిన మాటే కదా, అబద్ధం కాదు కదా?” అని అడిగింది. కాదన్నాను. ఆ రాత్రి మా ఊళ్ళో ఉద్యమం మొదలైందని తర్వాత అందరూ అన్నారు. మొదలుపెట్టిన గొంతు నాదే అని నేను ఒకటి రెండుసార్లు గొప్పగా చెప్పుకున్నాను. ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు.

ఊరి మొదట్లో కాపలా పెట్టారు. జీపు ఎప్పుడు వస్తుందో తెలియదు కాబట్టి పగలు ఒక జట్టు, రాత్రి ఒక జట్టు. కొంగుల్లో కారం పొట్లాలు. కాలనీ ఆడవాళ్ళు అందరికంటే ముందు వచ్చి అందరికంటే ఆఖరున వెళ్ళేవారు. రోడ్డు మీద భుజం భుజం ఆనించి నిలబడ్డవాళ్ళు మా ఇంటి అరుగు దగ్గరికి వచ్చేసరికి విడివిడిగా కూర్చునేవారు. వాళ్ళకు నీళ్ళు ఇచ్చే చెంబు వేరే ఉండేది, దాన్ని కడిగి బోర్లించేది నేనే. ఇది కూడా ఫొటోలో లేదు.

సారా కాంట్రాక్టు వేలంపాటలను అడ్డుకోవడానికి అమ్మ రెండుసార్లు నెల్లూరు వెళ్ళింది. అంతకుముందు ఆమె కలిగిరి దాటి ఎరగదు. వేలం వాయిదా పడింది, మళ్ళీ పెట్టారు, మళ్ళీ వాయిదా పడింది. అవన్నీ నాకు పెద్దయ్యాక అర్థమయ్యాయి. అప్పుడు అమ్మ ఇంటికి వచ్చి మొదట చెప్పింది వేలం గురించి కాదు. “బస్సు బోర్డు నేనే చదివానే” అంది.

ఇంటి వైపు వద్దాం. సారా జీపు ఆగిపోతే చిన్నాన్న కూలి ఆగిపోయింది. అన్న భార్యే తన నోటి ముందు కూడు తీసిందని ఆయన పంచాయతీ పెట్టాడు. అందులో అబద్ధం లేదు కాబట్టి ఎవరూ గట్టిగా కాదనలేకపోయారు. దసరా లోపల ఇల్లు రెండు ముక్కలైంది. నడవ మధ్యలో మట్టిగోడ లేచింది. ఇంతకాలం నాతోపాటు పిండి విసిరి, నీళ్ళు మోసి, నా జడ వేసిన పిన్ని గోడ అవతలికి వెళ్ళిపోయింది. నలుగురు ఆడవాళ్ళ పనిలో అమ్మ వాటా కాపలాకు పోయింది, పిన్ని వాటా గోడ అవతలికి పోయింది, అవ్వకు చూపు లేదు. మిగిలింది నేను. పొద్దున నాలుగింటికి లేచి నీళ్ళు, పేడ, పొయ్యి, తమ్ముడి స్నానం. ఆ తర్వాత బడి. మధ్యాహ్నం గంట కొట్టగానే పరుగెత్తుకొచ్చి అవ్వకు అన్నం పెట్టి మళ్ళీ పరుగు. గోడ మీది నుంచి అప్పుడప్పుడు ఒక గిన్నె దిగేది. పులుసో, పచ్చడో. అవతల చేయి కనబడేది, మనిషి కనబడేది కాదు. చిన్నాన్న ఇంట్లో ఉంటే గిన్నె దిగేది కాదు.

ఒక రోజు సాయంత్రం నాయన ఎక్కడినుంచో ప్యాకెట్లు తెచ్చుకుంటూ దొరికిపోయాడు. పక్క ఊళ్ళో ఇలా దొరికినవాళ్ళకు గుండు కొట్టించారని విన్నాం. మా ఊరి ఆడవాళ్ళు అమ్మ ముఖం చూశారు. అమ్మ కొడవలి తీసుకుని ఒక్కొక్క ప్యాకెట్టూ కోసి నేల మీద పోసింది. నాయన చావడి గట్టు మీద కూర్చుని, ఆ తడి ఇంకిపోయేదాకా నేలనే చూశాడు. నేను నీళ్ళబిందెతో దూరంగా నిలబడి ఉన్నాను. అమ్మను చూసి గర్వపడాలో, నాయనను చూసి సిగ్గుపడాలో తెలియలేదు. రెండూ ఒకేసారి వచ్చి కడుపులో తిప్పినట్టయింది. రాత్రి ఆయనకు సంగటి నేనే పెట్టాను. రెండు ముద్దలు తిని, “ఉప్పు తక్కువైంది” అన్నాడు. ఆ రోజంతటికీ ఆయన మాట్లాడింది అంతే.

ఆ చలికాలంలోనే నేను పెద్దమనిషినయ్యాను. మేనమామ పచ్చి తాటాకులు తెచ్చి నడవ మూలలో గుడిసె కట్టాడు. తొమ్మిది రోజులు చాప మీద కూర్చోవాలి, దేన్నీ ముట్టుకోకూడదు. చిమ్మిలి, పచ్చి గుడ్లు, నువ్వుల నూనె. అందరూ దాన్ని చెరలా చెప్తారు కాని నాకు జీవితంలో మొదటి సెలవు అదే. పొయ్యి ముట్టుకోకూడదు, బిందె ముట్టుకోకూడదు, పేడతట్ట అసలే ముట్టుకోకూడదు. పుస్తకాన్ని ముట్టుకోవచ్చో లేదో ఎవరికీ తోచలేదు, నేను అడగలేదు. సాంఘికశాస్త్రం మొత్తం ఆ తాటాకుల వాసనలో చదివేశాను. అమ్మ తొమ్మిది రోజులూ కాపలా మానుకుని ఇంట్లో వండవలసి వచ్చింది. నాలుగో రోజు కాపలా జట్టువాళ్ళు వచ్చి “ఎప్పుడు వస్తావమ్మా, నువ్వు లేకపోతే జట్టు కుదరడం లేదు” అని అడిగారు. అమ్మ గుడిసె వైపు చూసి, “ఇది లేస్తేగాని నేను కదలలేను” అంది. నా పనికి విలువ కట్టిన మాట ఆ రోజుల్లో నాకు తెలిసి అదొక్కటే.

1993 ఏప్రిల్‌లో ఏడో తరగతి పబ్లిక్ పరీక్షలు రాశాను. ఆ నెలలోనే, 15వ తేదీ నుంచి, నెల్లూరు జిల్లాలో సారా నిషేధం అమల్లోకి వచ్చింది. ఊళ్ళో టపాకాయలు కాల్చారు. అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతా ఆపేశారు. ఫలితాలు వచ్చాయి, పాసయ్యాను. ఇక చాలని ఇంట్లో అన్నారు. అన్నది అమ్మే.

ఇది చాలామందికి మింగుడుపడదు. జీపుకు ఎదురు నిలబడ్డ మనిషి కూతురి బడికి అడ్డు నిలబడటమేమిటి అంటారు. అమ్మకు మాత్రం అందులో వైరుధ్యం ఏమీ కనబడలేదు. ఎదిగిన పిల్ల, నాలుగు కిలోమీటర్ల దారి, మధ్యలో సారా అంగడి, తాగి తూలేవాళ్ళు. రెండేళ్ళుగా ఇదే చెబుతూ వచ్చింది. అందుకే నేను అడిగాను, “అంగడి మూయించింది నువ్వే కదా. ఇంకెందుకు భయం?”

అమ్మ చేతిలోని చేట ఆగింది. చాలాసేపు జవాబు చెప్పలేదు. తర్వాత వేరే కారణాలు ఒక్కొక్కటే వచ్చాయి. మేనత్త కొడుకు ఉన్నాడు, అడుగుతున్నారు. అవ్వకు చూపు లేదు. తమ్ముడు చిన్నవాడు. ఆఖరున అసలుది వచ్చింది, మెల్లగా: “నువ్వు బడికి పోతే ఇంట్లో ఎవరు చేస్తారే?”

దానికి నా దగ్గర జవాబు లేదు. ఆ ఏడాది బడికి వెళ్ళలేదు.

పొగాకు కాలం రాగానే అమ్మతో కలిసి బ్యారన్ల దగ్గర ఆకు అల్లాను. నా చేతులకూ జిగురు పట్టింది. నాయన సముద్రం వైపు రొయ్యల గుంటలకు కాపలా పనికి వెళ్ళాడు. ఆ రోజుల్లో జిల్లా కోస్తా అంతా గుంటలు తవ్వుతున్నారు, వరి మళ్ళకంటే అందులో డబ్బు ఎక్కువ అని. మెట్టవాళ్ళు చాలామంది అలా వెళ్ళారు. నెలకోసారి ఎవరిచేతో డబ్బు పంపేవాడు. ఆయన తాగింది పోగా ఇంటికి డబ్బు రావడం మేం చూడటం అదే మొదలు.

ఆ ఏడాదిలోనే పొదుపు సంఘాలు వచ్చాయి. సారాకు పోయే డబ్బు మిగిలింది కదా, రోజుకు రూపాయి దాచండి అన్నారు. పొదుపు లక్ష్మి అనేవారు. నెలకు మనిషికి ముప్ఫై రూపాయలు. మా వీధి సంఘానికి అమ్మ లీడరు. లెక్కలు ఎవరు రాయాలన్న ప్రశ్న వచ్చింది. వాలంటీరు కుర్రాడు హైదరాబాదు వెళ్ళిపోయాడు. ఆడవాళ్ళకు సంతకాలు వచ్చు, కాస్త చదవడం వచ్చు. కూడికలు, బాకీలు, వడ్డీ రాసేంత రాలేదు. పుస్తకం నా ఒళ్ళోకి వచ్చింది. ఎర్ర గీతల దస్తరం, అట్ట మీద పసుపు బొట్టు. నెలకోసారి మా నడవలో, చిన్నాన్న కట్టిన గోడకు ఆనుకుని కూర్చుని, పేరుపేరునా చదివేదాన్ని. ఎవరు కట్టలేదో ముఖం మీదే చెప్పేదాన్ని. నాకు పదమూడేళ్ళు నిండి పద్నాలుగు, వాళ్ళు యాభయ్యేళ్ళ మనుషులు. “కట్టలేదని అంత గట్టిగా చదవకమ్మా” అని బతిమాలేవారు. గోడ అవతలి నుంచి పిన్ని కూడా ఒకరోజు తన పేరు రాయమంది. గోడకు ఇటువైపు వచ్చి కూర్చోవడానికి ఆమెకు దొరికిన మొదటి సాకు అది.

ఒక నెల లెక్క తప్పింది. బ్యాంకువాళ్ళు ఇచ్చిన కాగితంలో ఒక అంకె, నా పుస్తకంలో ఇంకో అంకె. కాగితం ఇంగ్లీషులో ఉంది. నేను అక్షరాలు చదవగలను, అర్థం తెలియదు. పదిహేనుమంది ఆడవాళ్ళు నా ముఖం చూశారు. అప్పుడు అదే ముసలామె, అచ్చువేసిన మాట అబద్ధం కాదు కదా అని అడిగినామె, అమ్మవైపు తిరిగింది.

“ఈ పిల్ల ఏడుతో ఆగితే మన లెక్కలూ ఏడుతోనే ఆగుతాయి. పంపించు.”

“ఇంట్లో పని ఎవరు చేస్తారు పెద్దమ్మా?”

“జీపు దగ్గర వంతులు వేసుకోలేదా మనం? ఇదీ అంతే.”

ఆడపిల్లకు చదువు హక్కు అని ఆ నడవలో ఎవరూ అనలేదు. నేనూ అనలేదు, నాకా మాట తెలియదు. వాళ్ళకు లెక్కలు రాసే మనిషి కావాలి, అంతే. ఆ అవసరం మీదే నేను బడికి వెళ్ళాను. వంతులు కొన్నాళ్ళు నడిచాయి. మధ్యాహ్నం అవ్వకు అన్నం పెట్టడం పిన్ని చూసుకుంది. నీళ్ళు మాత్రం ఎప్పటిలా నేనే మోశాను.

1994 జూన్. పాత బడిలో టీసీ తీసుకోవాలి. అక్కడ తెలిసింది నా పుట్టినరోజు జూలై 1 అని. అమ్మ లెక్కలో నేను సంక్రాంతికి ముందు పుట్టాను. రిజిస్టరు తిరగేస్తే మా తరగతిలో సగం మంది జూలై 1నే పుట్టారు. బడిలో వేసుకునే నాటికి అయిదేళ్ళు నిండినట్టు ఉండాలని అయ్యవార్లు అలా రాసేవారు. ఇప్పటికీ నా కాగితాలన్నిటిలో అదే తేదీ.

హైస్కూలులో ఇంకో చిక్కు. మధ్యలో ఏడాది ఏం చేసిందని అడిగారు. “ఆకు అల్లాను సార్” అన్నాను. గుమస్తా నవ్వాడు. తల్లో తండ్రో అర్జీ రాసి సంతకం చేయాలన్నాడు, ఎవరిచేతైనా రాయించుకు రండి అన్నాడు. అమ్మ అక్కడే వరండాలో గోడవైపు తిరిగి కూర్చుని తెల్లకాగితం తొడ మీద పెట్టుకుంది. నేను రాస్తానంటే ఇవ్వలేదు. ముప్పావుగంట పట్టింది. గంట కొట్టారు, పిల్లలు బయటికి వచ్చి చుట్టూ చేరారు. అమ్మ తల ఎత్తలేదు. నాలుగు వాక్యాలు. ‘నా కూతురు ఒక యాడాది పనికి పోయింది. నేనే పంపినాను. తప్పు నాది. బడిలో చేరుచుకోవలెను.’ కింద పేరు, మావత్తు సరిగ్గా దాని చోట. హెడ్మాస్టరు చదివి, ఎవరు రాశారని అడిగారు. అమ్మ చేతులు వెనక్కి దాచుకుంది. నల్ల జిగురు మరకలు కనబడతాయని కాబోలు.

‘తప్పు నాది’ అన్న ముక్క నేను ఇంటికి వచ్చేదాకా నమలుతూనే ఉన్నాను. ఆమె నాతో ఎప్పుడూ ఆ మాట అనలేదు. కాగితానికే చెప్పింది.

హైస్కూలు మూడేళ్ళూ త్వరగా గడిచాయి. ముగ్గురం కలిసి నడిచేవాళ్ళం. ఒకమ్మాయికి తొమ్మిది మధ్యలో పెళ్ళయింది. చట్టం పద్దెనిమిది అంటుంది, ఆమెకు పదిహేను. భోజనాలకు సంఘం ఆడవాళ్ళు అందరూ వెళ్ళారు, నేనూ వెళ్ళాను. రెండో అమ్మాయి బడిలో మరుగుదొడ్డి లేక నెలకు నాలుగు రోజులు మానేసేది. మానేసిన పాఠాలు అందుకోలేక పదిలోకి రాకుండానే ఆగింది. నేను ఆ నాలుగు రోజులూ వెళ్ళేదాన్ని. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా నీళ్ళు తాగకుండా.

1994 చివర్లో ఎన్.టి. రామారావు మద్య నిషేధం మాట మీద గెలిచారు. వారుణి వాహిని తెచ్చినదీ ఆయనే కదా అని అమ్మ అంది, అయినా ఓటు వేసింది. 1995 జనవరి నుంచి బ్రాందీ, విస్కీ అన్నీ బంద్. ఆ రోజుల్లోనే గుంటల్లో రొయ్యలకు రోగం తగిలి మూకుమ్మడిగా చచ్చిపోయాయి. గుంటలు పెట్టినవాళ్ళు అప్పుల్లో మునిగారు, కాపలావాళ్ళకు జీతాలు ఎగ్గొట్టారు. నాయన ఒక దుప్పటి, ఒక టార్చిలైటుతో తిరిగొచ్చాడు. దొంగసారా దొరికేది, తక్కువగా. దొరికినప్పుడు తాగేవాడు, దొరకనప్పుడు నా లెక్కల దస్తరం తీసి పేజీలు తిరగేసేవాడు. ఆయనకు చదవడం రాదు. అంకెలు మాత్రం గుర్తుపట్టేవాడు. “ఇది మీ అమ్మదా?” అని వేలు పెట్టి అడిగేవాడు.

1997లో పది పాసయ్యాను, సెకండ్ క్లాసు. ఆ ఏడాదే మద్య నిషేధాన్ని సడలించారు. అమ్మ ఆ వార్త పేపర్లో తానే చదివి, మడిచి, దాని మీద వడియాలు ఎండబెట్టింది. తర్వాత నాకు పెళ్ళయింది, మేనత్త కొడుకుతో కాదు. పిల్లలు పుట్టాక అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం అర్హత పరీక్ష రాసి డిగ్రీ చేశాను. ఇప్పుడు సంఘాల లెక్కలే నా ఉద్యోగం. ఇదంతా వేరే కథ.

నాయన పోయాక, తమ్ముడికి పొలం మీద బ్యాంకు అప్పు కావలసి వచ్చింది. అక్క సంతకం ఉంటే మంచిదని ఎవరో చెప్పారు. మన రాష్ట్రంలో ఆడపిల్లలకు పిత్రార్జితంలో సమాన వాటా ఇచ్చే సవరణ 1985 సెప్టెంబరు 5 నుంచి అమలు. 2005లో కేంద్ర చట్టం మారేదాకా, ఆ తేదీ నాటికి పెళ్ళి కాని కూతుళ్ళకే అది వర్తించేదన్నారు. అప్పటికి నాకు అయిదేళ్ళు, పెళ్ళి కాలేదని వేరే చెప్పక్కరలేదు. అమ్మకు మాత్రం అప్పటికే పెళ్ళయి నేను పుట్టి ఉన్నాను, ఆమె పుట్టింటి పొలం అంతా అన్నదమ్ములదే. కాబట్టి నేను హక్కు వదులుకుంటున్నట్టు దస్తావేజు రాయించారు. రిజిస్ట్రారు ఆఫీసు బయట చెట్టుకింద బల్ల వేసుకున్న లేఖరి దగ్గర. తమ్ముడు నా ముఖం చూడలేక టీ తెస్తానని వెళ్ళాడు. నేను సంతకం పెట్టేద్దామనే అనుకున్నాను. రెండెకరాల రాళ్ళకు, రెండెకరాల కందికి తమ్ముడితో ఎవరు పోట్లాడతారు?

అమ్మ కాగితం ఇలా ఇమ్మంది. కళ్ళద్దాలు పెట్టుకుని, వేలు కింద పెట్టి ఒక్కొక్క అక్షరమే కూడబలుక్కుంటూ మొదటి నుంచి చదివింది. లేఖరి రెండుసార్లు గడియారం చూసుకున్నాడు. మూడో పేరాలో ఒకచోట ఆగిపోయింది. స్వ. వేలు వెనక్కి తెచ్చింది. స్వచ్. మళ్ళీ మొదటికి వచ్చింది.

“ఏమిటే ఇది?”

“స్వచ్ఛందంగా.”

“అంటే?”

“ఎవరూ బలవంతపెట్టకుండా, నా ఇష్టంతో అని.”

“నీ ఇష్టమేనా?”

నేను వెంటనే జవాబు చెప్పలేకపోయాను. అమ్మ ఇంకేమీ అడగలేదు. కాగితం నాలుగు మడతలు పెట్టి సంచిలో వేసుకుని లేచింది. టీలు తెచ్చిన తమ్ముడితో, “ఇవ్వాళ కాదులే” అంది. లేఖరికి రాతకూలి ఇచ్చేశాం.

ఆ దస్తావేజు ఇప్పటికీ అమ్మ పెట్టెలో, పాత పలక కింద ఉంది. తమ్ముడికి అప్పు ఇంకో దారిన దొరికింది. వాటా సంగతి వాడూ ఎత్తడు, నేనూ ఎత్తను. కందులు మాత్రం ఏటా వస్తున్నాయి, అర బస్తా.